తలుపు మీది హోంవర్క్

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ సంగతి విన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఆ రోజు అరగంట ముందే వచ్చింది. వారానికి మూడు సాయంత్రాలు ఆమె డిజైన్ కోర్సుకి వెళ్తోంది. ఆ ఆరు వారాలూ గట్టెక్కితే షాపు పోస్టర్ల పని తనకే ఇస్తానని మేనేజర్ మాటిచ్చాడు. ఐదేళ్ళుగా జనాల ముక్కు కొలతలు రాసుకుంటున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి?

చివరి హోంవర్క్, ఒక పోస్టర్ చేసి, నిజంగా వాడే తలుపు మీద అంటించి ఫొటో తీయడం. అందరూ డిస్కౌంట్ పోస్టర్లే చేస్తారు. పైగా "నీ పనిలో ఫీలింగ్ లేదమ్మా" అని టీచర్ పోయిన వారమే అంది. అందుకని ఈమె బూడిద రంగు మీద తెల్లటి అక్షరాలు పెట్టింది: "ఈ నెలాఖరుకి షాపు మూసేస్తున్నాం. ఇన్నాళ్ళూ మమ్మల్ని నమ్మినందుకు థాంక్స్."

అంటించింది, ఫొటో తీసింది. పీకబోతుంటే లోపల ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ, కళ్ళజోడు కాడ ఊడిందట. ఎడమదా కుడిదా అంటే, పెట్టుకుని చూస్తేగానీ చెప్పలేనంది. పావుగంట పోయింది.

ఫోన్ పెట్టేసరికి, లెన్సులు అరగదీసే బాబాయ్ తన పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఎదురు షాపులో అడిగొచ్చా. రేపట్నించి రమ్మన్నారు. ఇరవై ఏళ్ళు చేశానమ్మా! ఒక్క మాట చెప్పలేదు చూశావా మీ సారు!"

"అయ్యో, అది నా హోంవర్కు!"

"ఊరుకో. ఇంత శ్రద్ధగా చేసిన నోటీసు అబద్ధమెలా అవుతుంది?"

ఈలోగా ఆర్డరిచ్చిన వాళ్ళందరూ ఒక్కసారే వచ్చిపడ్డారు. "నాది ఒక కన్నే అయిందా? ఆ ఒక్కటే ఇచ్చెయ్" అన్నాడొకాయన. తలుపు దగ్గర ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఫీలింగ్ బాగానే పండింది.

అప్పుడొచ్చాడు మేనేజర్. నోటీసు చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సార్, తప్పయిపోయింది, ఇప్పుడే పీకేస్తా..."

"నీకెవరు చెప్పారు?"

"ఏంటి సార్?"

"ఓనర్ గారు నిన్న నాకొక్కడికే చెప్పారు. మీకు నేనే చెప్పాలన్నారు. ఎలా చెప్పాలో తెలీక, దార్లో రెండు టీలు తాగొస్తున్నా."

ఆమె చేతిలో నోటీసు సగం ఊడి ఉంది. మేనేజర్ దాన్ని మెల్లగా మళ్ళీ తలుపు అద్దానికి ఒత్తాడు.

"బాగుంది. ఇదే ఉంచుదాం. తేదీ ఒక్కటి మార్చమ్మా. నెలాఖరు దాకా కూడా లేదు, శనివారమే."

షాపు పోస్టర్ల పని ఆమెకే ఇచ్చాడు, మాట తప్పలేదు.

మీ మొదటి డిజైన్ ఏ గోడ మీద ఏం చేసిందో మీరూ రాసి పంపండి. ఆ అమ్మాయి ఇప్పుడు ఖాళీగానే ఉంది, అన్నీ చదువుతుంది.