నాలుగో అంతస్తుకు చేరని భోజనం

పరాయి ఊళ్లో హోటల్ గది తీసుకుని, ఫోన్‌లో భోజనం తెప్పించుకోవడాన్ని మించిన సుఖం ఈ లోకంలో లేదు! కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే, పాపం, పెట్టి పుట్టలేదని జాలిపడి వదిలేయండి.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటంటారా? నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌ని. నెలలో ఇరవై రెండు రోజులు ఊళ్లు పట్టుకుని తిరుగుతాను. ఇనుప తాళ్లు, బ్రేకులు, తలుపులు తనిఖీ చేస్తాను. బాగుంటే సంతకం పెడతాను, బాగా లేకపోతే లిఫ్టు ఆపించి సంతకం పెడతాను. ఇన్ని హోటళ్లలో ఇన్నిసార్లు పస్తున్న మనిషి ఈ విషయం మీద మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడాలి?

ఇంట్లో అయితే ఏముంటుంది చెప్పండి? ఆవిడ వండిందే తినాలి, మారు మాట్లాడకూడదు. ఫోన్‌లో మూడు వందల వంటకాలు! ఆ ఫొటోలు చూస్తుంటే సగం కడుపు నిండుతుంది. ఏదో ఒకటి ఎంచుకోగానే 'ప్రస్తుతం మూసి ఉంది' అంటుంది. ఇంకోటి ఎంచుకుంటే 'మీరున్న చోటికి రాలేము' అంటుంది. గంట గడిచేసరికి ఆకలి దానంతట అదే చచ్చిపోతుంది. బరువు తగ్గమని మా డాక్టరు ఎనిమిదేళ్లుగా మొత్తుకుంటున్నాడు. ఆయన వల్ల కాని పని ఈ యాప్ వల్ల అయింది!

తెలివి కూడా పెరుగుతుందండోయ్. భోజనం తెచ్చే ఆయన "మీరెక్కడున్నారు సార్?" అని అడుగుతాడు. ఊళ్లో దిగి నాలుగు గంటలు కాలేదు, నాకేం తెలుసు? కిటికీలోంచి కనబడే బోర్డులన్నీ చదివి వినిపిస్తాను. "టైర్ల షాపు ఎదురుగా అండీ." "ఏ టైర్ల షాపు సార్? ఈ రోడ్డు పొడుగునా అవేగా!" ఇలా ఓ అరగంట మాట్లాడుకుంటే, ఎన్నికల్లో నిలబడగలిగినంతగా ఆ వీధి పరిచయమైపోతుంది.

ఇక వ్యాయామం. బయటి తిండి తెచ్చేవాళ్లను చాలా హోటళ్లు పైకి రానివ్వవు. మనమే కిందికి దిగాలి. మొన్న నా గది నాలుగో అంతస్తులో. లిఫ్టు తలుపు మీద 'వాడరాదు' అని కాగితం అంటించి ఉంది. కింద సంతకం నాదే! ఆ హోటల్ లిఫ్టు తాడు అరిగిపోయిందని పొద్దున ఆపించింది నేనే మరి. రిసెప్షన్‌లో ఆవిడ ఎంత మర్యాదగా నవ్విందనుకున్నారు! "మెట్లు అటువైపండీ, ఇన్‌స్పెక్టర్ గారూ!" నా సంతకానికి ఇంత విలువుందని నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఏడింటికి సూపు, రొట్టెలు, కూర ఆర్డరు పెట్టాను. విచిత్రం! అడిగినవన్నీ ఉన్నాయి. షాపుల పేర్లు కూడా ఎక్కడో విన్నట్టే ఉన్నాయి. ఎవరూ దారి అడగలేదు. అరగంట తిరక్కుండానే 'మీ భోజనం గుమ్మంలో ఉంది' అని ఫోన్ మోగింది. చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగంతస్తులూ దిగాను. గేటు దగ్గర ఎవరూ లేరు. సెక్యూరిటీ ఆయన తన కుర్చీ కింద కూడా చూశాడు పాపం.

మళ్లీ ఫోన్ మోగింది.

"సార్, బెల్లు కొడితే పాప తలుపు తీసింది. ఆ పేరు వాళ్ల నాన్నదేనట గానీ, ఆయన ఇక్కడ ఉండరంటోంది."

"ఏ పాపయ్యా? ఇది హోటలు!"

"హోటలేంటి సార్? ఇల్లు. నీలం గేటు, గుమ్మం పక్కన చైను ఊడిన సైకిలు."

ఆ సైకిలు నాకు తెలుసు. ఈసారి వచ్చినప్పుడు చైను వేయిస్తానని మూడు నెలలుగా చెబుతున్నది నేనే. యాప్‌లో ఇంటి చిరునామా మార్చడం మరిచిపోయాను. నా భోజనం రైల్లో ఎనిమిది గంటల దూరంలో, మా గుమ్మంలో, వేడివేడిగా ఉంది.

"ఫోన్ పాపకివ్వండి" అన్నాను.

"నాన్నా, ఆయన నువ్వున్నావా అనడిగాడు. ఇక్కడ ఉండవు, హోటళ్లలో ఉంటావని చెప్పాను. తప్పా?"

"లేదమ్మా, కరెక్టుగానే చెప్పావు" అన్నాను. వెనకనుంచి మా ఆవిడ అందుకుంది.

"తిన్నారా?"

రోజూ అడుగుతుంది. రోజూ చెప్పేదే చెప్పాను. "ఆఁ, ఇప్పుడే. కడుపు నిండా తిన్నాను."

"ఏం తిన్నారు?"

"సూపు, రొట్టెలు, కూర."

అవతల కవరు గరగరలాడింది.

"అవి నా చేతిలో ఉన్నాయండీ" అంది.

పదకొండేళ్లుగా నడుస్తున్న అబద్ధం అలా గేటు దగ్గర, చెప్పుల్లేని కాళ్ల ముందు కూలిపోయింది. "చల్లారిపోతాయి, మీరు తినేయండి" అని పెట్టేశాను.

వెంటనే యాప్ అడిగింది: 'మీ ఆర్డరు సరైన చిరునామాకే చేరిందా?'

తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే నా వృత్తి కదా, తాపీగా తనిఖీ చేశాను. చిరునామా సరైనదే. అక్కడ ఉండాల్సిన మనిషే లేడు. 'అవును' అని నొక్కి, ఐదుకు ఐదు స్టార్లూ ఇచ్చి, ఖాళీ కడుపుతో నాలుగంతస్తులూ ఎక్కాను.