ఛార్జి అప్పగింత

నేను భక్తుణ్ణి ఎట్లా అయ్యానని అడిగినవాళ్లందరికీ తలా ఒక కారణం చెప్పాను. నిజం మీకు చెప్తాను. బ్యాటరీ వల్ల అయ్యాను.

కరెంటు కారు ఇంటికి తెచ్చిన రోజు ఎదురింటి డీజిల్ సుబ్బన్న అరుగు దిగకుండానే చూశాడు. ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. "సెల్‌ఫోనుకు చక్రాలు పెట్టించుకున్నావు కదప్పా చలపతీ. రింగయితే ఎత్తుతావా, తోల్తావా?" అన్నాడు.

నేను పట్టించుకోలేదు. నాకు నడపడమంటే పిచ్చి. ఆఫీసులో నా సంతకం కింద ఇంకో సంతకం పడితే గానీ కాగితం కదలదు. అక్కడ అధికారులు మారినప్పుడల్లా ఒకరు ఛార్జి అప్పగిస్తారు, ఇంకొకరు తీసుకుంటారు. నాకు ఇన్నేళ్లలో అప్పగించడానికి ఏమీ లేకపోయింది. ఇంట్లో మా ఆవిడ లోకేశ్వరి ఊ అంటే గానీ కూరలో ఉప్పు పడదు. కాలితో నొక్కగానే ఎదురు మాట్లాడకుండా కదిలేది నాకు కారు ఒక్కటే. డ్రైవరు సీటు నాకున్న ఒకే ఒక్క పదవి.

క్లచ్ లేదు కాబట్టి ఎడమకాలికి ఉద్యోగం పోయింది. అయినా అది, రిటైరయ్యాక కూడా ఆఫీసు గేటు దగ్గరికొచ్చి నిలబడే మనిషిలా, కొన్నాళ్లు నేలను తొక్కుతూనే ఉండింది.

నేల మీద ఆ కారు నాకు మనశ్శాంతి ఇవ్వలేదు. చిత్తూరుకు బయల్దేరితే పూతలపట్టు వచ్చేలోపల రోడ్డు కంటే బ్యాటరీ అంకెనే ఎక్కువసార్లు చూసేవాణ్ణి. అంకె ఒకటి తగ్గితే నా లోపల కూడా ఏదో ఒకటి తగ్గేది. వెంటనే ఏసీ ఆపేవాణ్ణి.

"చెమట పడితే ఆరోగ్యం" అనేవాణ్ణి.

"ఆ ఆరోగ్యమంతా మీరే తీసుకోండి. నాకు ఏసీ వెయ్యండి" అనేది లోకేశ్వరి, కొంగుతో విసురుకుంటూ.

ఇంటి ముందు నిలబెట్టిన కారులో కూడా అంకె తగ్గుతోందని బెంగపడి రెండుసార్లు సర్వీసు సెంటరుకు తీసుకుపోయాను. బ్యాటరీ బాగానే ఉందన్నారు. నా వైపు మాత్రం కాస్త జాలిగా చూశారు.

అట్లాంటి రోజుల్లో ఒకసారి తిరుమల నుంచి దిగుతుంటే అంకె పెరగడం మొదలైంది. కాలు ఎత్తితే చాలు, కారు తనే నెమ్మదించి, దిగే ఊపునంతా కరెంటుగా మార్చి దాచుకుంటోంది. దిగజారుతూ పెరిగేది కూడా ఒకటుంటుందని నలభై దాటాక తెలిసింది నాకు. ఎక్కితే ఖర్చు, దిగితే దిగుబడి.

ఆ దిగుబడి నాకు వారం వారం కావాలనిపించింది. కానీ పనుంటేనే బండి తియ్యాలని లోకేశ్వరి కొన్ననాడే షరతు పెట్టింది.

"నన్నెందుకో స్వామి పిలుస్తా ఉన్నట్టు ఉండాది" అన్నాను, దోసె తుంచుకుంటూ.

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి."

"మొన్ననే కదా దిగొచ్చినాము. ఏమన్నా మర్చిపోయొచ్చినామని పిలిచినాడేమో."

అట్లా శనివారాలు మొదలైనాయి. క్యూలో నిలబడితే పొద్దు గూకుతుందని, గుడి ముందర కర్పూరం వెలిగించి, గోపురానికి దండం పెట్టి, వెనక్కి తిరిగేవాణ్ణి.

"ఇంత దూరం వచ్చింది దీనికేనా?"

"మనసులో ఉండాల లోకా."

"మీ మనసు పార్కింగులో ఉండాది."

ఒక శనివారం లోకేశ్వరి వాళ్ల పెద్దమ్మ మునిరత్నమ్మ మాతో వచ్చింది. ఆమె ఎక్కితే కారు ఒక నమస్కారం పెట్టింది. మలుపు మలుపుకూ వెనక సీట్లో ఆమె "గోవిందా" అంటుంటే నాకది బ్యాటరీ గురించే అంటున్నట్టు వినపడింది. కానీ దిగేటప్పుడు అంకె ఎప్పుడూ లేనంత పెరిగింది. బరువు. ఎక్కేటప్పుడు కరెంటు మింగిన బరువే దిగేటప్పుడు తిరిగి పెడుతోంది. మరి ఎక్కేటప్పుడు లేకుండా, దిగేటప్పుడు మాత్రమే ఉంటే?

మరుసటి వారం "బస్సులో అయితే గాలి బాగా వస్తుంది అత్తా" అని ఆమెను బస్సెక్కించి, దిగేటప్పుడు కారెక్కించాను. మిగిలిన సీట్లలోకి మెట్ల మీద నడిచొచ్చి అలిసిపోయిన భక్తులను పిలిచాను. లావుగా ఉన్నవాళ్లను చూస్తే నాలో కరుణ పొంగేది. బక్కవాళ్లను చూస్తే కాస్త ఆలోచించేది.

మునిరత్నమ్మది బంగారుపాళ్యం. "మా అల్లుడు నడిచొచ్చినోళ్లను ఉత్తపుణ్యానికి కిందికి దింపతాడు" అని ఊరంతా చెప్పింది. పార్కింగులో నాకోసం జనం కాచుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన నా కాళ్లకు దండం పెట్టబోతే కుడికాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాను. పనిచేసేది అదొక్కటే కదా.

ఒకరోజు సన్నగా ఉన్న మనిషి తలుపు పట్టుకున్నాడు. నేను ఆయన్ను దాటి, వెనక బస్తాలాంటి సంచీతో వస్తున్న భారీ మనిషిని పిలిచాను.

"నేనేం పాపం చేసినాను సామీ? ముందొచ్చింది నేను కదా" అన్నాడు సన్నపాయన.

"మీకేమప్పా, తేలిగ్గా నడిచేస్తారు."

"నాకు తోడు ఆ సంచీ ఎత్తుకుంటే ఎక్కించుకుంటారా?"

ఒక్క క్షణం లెక్క వేశాను. అదే తప్పు. లోకేశ్వరి నా మొహం చూసింది.

ఆమె మౌనం మా కారులాంటిదే. శబ్దం రాదు, మీదికి వచ్చాకే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక మజ్జిగిచ్చి, ఆ లెక్కేందని మెల్లిగా అడిగింది. నా శాస్త్రం అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. పొంగిపోయి మొత్తం చెప్పేశాను.

"అంటే ఎక్కేటప్పుడు అక్కరలేని బరువు ఉండకూడదు."

"అంతే."

"దిగేటప్పుడు ఎంతుంటే అంత మంచిది."

"అదే సైన్సు" అన్నాను. నన్ను అర్థం చేసుకున్న మనిషి ఇంట్లోనే ఉందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం మునిరత్నమ్మ పసుపు పంచె తీసుకుని దిగింది. "ఏడు శనివారాలు నువ్వు నడిచి కొండెక్కతావని మా అమ్మి లోకేశ్వరి మొక్కుకునిందంట కదా నాయనా. వింటానే కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

"నేను నడిస్తే కారెవరు తోల్తారు?"

లోకేశ్వరి సంచీలోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. "క్లచ్ లేదు, గేర్లు లేవు, కుట్టుమిషను తొక్కేవాళ్లెవురైనా తోలొచ్చని కొనేటప్పుడు మీరే చెప్పినారు. నేను మిషను తొక్కతా కదా."

"నేర్పిందెవరు?"

కిటికీలోంచి చూస్తే ఎదురింటి అరుగు మీద సుబ్బన్న ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను స్కూటరు మీద ఆఫీసుకు పోయాక, నిలబెట్టిన కారులో అంకె ఎట్లా తగ్గేదో అప్పుడు తెలిసింది.

"ఆరోగ్యమెట్లుంటుందో ఏమో, నడవడమంటే..." అని నసిగాను.

"భక్తి లేదంటే చెప్పండి. మొక్కు నేను తీర్చుకుంటా. శనివారాలు మానేద్దాం, పనుంటేనే బండి తీద్దాం."

భక్తి లేదంటే కొండ పోతుంది. ఉందంటే సీటు పోతుంది. మునిరత్నమ్మ నా మొహంలోకి చూస్తోంది. పసుపు పంచె అందుకున్నాను.

మెట్లెక్కుతుంటే ఎడమకాలికి మళ్లీ ఉద్యోగం దొరికింది. మోకాళ్ల మెట్టుకు ముందు దోవ రోడ్డు పక్కనే పోతుంది. దిగుతున్న కార్లను చూసి, ఎవరెవరి అంకెలు ఎంతెంత పెరుగుతున్నాయోనని కుమిలిపోతూ ఎక్కాను. వెనక వస్తున్నాయన "భక్తంటే అదీ, కండ్లెట్ల తడిసినాయో సూడు" అన్నాడు భార్యతో.

పైన కారు సిద్ధంగా ఉంది. ముందు సీట్లో మునిరత్నమ్మ. నేను డ్రైవరు తలుపు వైపు నడిచాను, అలవాటుగా.

"వెనక" అంది లోకేశ్వరి. "నడిమధ్యన కూర్చోండి. బరువు సమంగా ఉండాల."

ఒక పక్క మునిరత్నమ్మ బస్సులో తెచ్చిన మామిడికాయల బుట్ట, ఇంకో పక్క లోకేశ్వరి పిలిచి ఎక్కించుకున్న సన్నపాటి ముసలమ్మ. కారు కదిలింది. లోకేశ్వరి కాలు ఎత్తడం తొందరపడని చేతి కుట్టులా ఉంది. ఒక్క మలుపులో కూడా బ్రేకు తొక్కలేదు. అంకె నా చేతిలో ఏనాడూ చూడనంత పెరిగింది. దాన్ని చూడ్డానికి నేను ముందు సీట్ల మధ్యలోంచి మెడ చాచాల్సి వచ్చింది.

"కొంచెం ఏసీ వేస్తావా?"

"చెమట పడితే ఆరోగ్యం."

అలిపిరి దగ్గర కారు ఆపి, అద్దంలోంచి నన్ను చూసింది.

"ఎంత ఛార్జి వచ్చిందో సూసినారా?"

"వచ్చింది కాదు లోకా" అన్నాను, బుట్ట ఒడిలోకి సర్దుకుంటూ. "నువ్వు తీసుకున్నావు."