ఇన్షిరా కోళ్ల మొక్కు

ఆ ఉదయం ఇన్షిరా వేసుకున్న పథకం చాలా చిన్నది. డాబా మీద పెంచుకుంటున్న నాటుకోళ్లు పెట్టే గుడ్లలో ఇంట్లోకి పోను మిగిలినవి తాముండే మేడలోని వాళ్లకే అమ్మాలి. ఆ డబ్బుతో కోళ్లకు దాణా కొనాలి. ఇందులో ఎవరికీ కష్టం లేదు, నష్టం లేదు. ఈజిప్టులోని మా మన్సూరాలో డాబా మీద కోళ్లున్న ప్రతి ఇల్లాలూ చేసే పనే అది.

కానీ ఇన్షిరా కోళ్లకు మాత్రం అది ప్రాణాల మీదికి వచ్చిన సంగతి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడ భర్త ఫిక్రీ, ముందురోజు భోజనం దగ్గర తేల్చి చెప్పేశాడు.

"దాణా ధర చూశావా? మనం తినే రొట్టె కన్నా అవి తినే మొక్కజొన్న ప్రియమైపోయింది. ఈ నెలాఖరు దాకా గడువిస్తున్నా. వాటి తిండి అవే సంపాదించుకోవాలి. లేదంటే ఒక్కొక్కటీ ములూఖియా కుండ పక్కకి రావాలి."

"రోజూ గుడ్లు పెడుతున్నాయి కదయ్యా!"

"పెడుతున్నాయి, నేను తింటున్నాను. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం గుడ్డు. నిన్న కల్లో కూడా గుడ్డే వచ్చింది. నాకు కోడి కావాలే ఇన్షిరా, కోడి! ములూఖియా ఆకుకూరలో వెల్లుల్లి తాలింపు పడుతుంటే పక్కన వేయించిన కోడి ఉండాలి. ఇంత వయసొచ్చి నేను ఆపాటి కూడా కోరకూడదా?"

ఫిక్రీ చెడ్డవాడేం కాదు. నాలుక రుచి ముందు మనసు నిలబడని మనిషి, అంతే. ఇన్షిరాకు ఆ కోళ్లంటే ప్రాణం. పిల్లలుగా ఉన్నప్పుడు చలికి చచ్చిపోతాయని శాలువా చెంగులో పెట్టుకుని తిరిగిన కోళ్లవి. వాటి మెడ మీద కత్తి అన్న ఊహకే ఆవిడకు ఆ పూట ముద్ద దిగలేదు.

అమ్మకానికి ఆవిడ దగ్గర సరుకుంది, కొనేవాళ్లున్నారు. అడ్డమొచ్చిందల్లా మర్యాద. మా ఊళ్లో ఏది అమ్మినా, ఎవరమ్మినా, డబ్బు ఇవ్వబోతే ముందు "ఉంచండి, మనలో మనకి డబ్బులేంటి" అనాలి. కొట్టువాడంటాడు, ఆటోవాడంటాడు, ఆఖరికి పన్ను పీకిన డాక్టరు కూడా అంటాడు. కొన్నవాడు "అయ్యో, అలాక్కాదు, తీసుకోవాల్సిందే" అనాలి. ఇంకోసారి వద్దనాలి, ఇంకోసారి బతిమాలాలి. చివరికి అమ్మినవాడు మహా ఇబ్బందిగా మొహం పెట్టి డబ్బు లెక్క చూసుకుని జేబులో వేసుకోవాలి. ఈ వద్దు, కాదు అనుకోవడం లేకుండా డబ్బు పుచ్చుకున్నవాణ్ణి మేం మనుషుల్లో కలపం. ఆ మాటను ఇన్షిరా అన్నంత అందంగా మా వీధిలో ఎవరూ అనలేరు.

మొదటి బేరం మూడో అంతస్తులో కొత్తగా దిగిన రిఫత్‌ది. పాపం, ఆ కుర్రాడు పుట్టి పెరిగింది కువైట్‌లో. అక్కడ అతను సరుకులు కొన్నదంతా ధర చీటీ అతికించి ఉండే పెద్ద పెద్ద దుకాణాల్లోనేనట.

"పిన్నిగారూ, మీ దగ్గర నాటుగుడ్లు ఉన్నాయటగా. మా ఆవిడకి ఇప్పుడు మంచి తిండి పెట్టమంది డాక్టరు. ఈ పళ్లెం నిండా ఇస్తే ఎంతవుతుంది?"

ఇన్షిరా గుడ్లు ఒక్కొక్కటీ తుడిచి పళ్లెంలో పేర్చింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు.

"ఉంచు నాయనా! కడుపుతో ఉన్న పిల్ల కోసం అడిగితే నీ దగ్గర డబ్బు తీసుకుంటానా? మనలో మనకి డబ్బులేంటి!"

జేబులో చెయ్యి జేబులోనే ఆగిపోయింది. "నిజంగానా పిన్నిగారూ?"

అంత వయసొచ్చినా ఆవిడను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.  "నిజంగానే బాబూ," అంది నోరు. తియ్యరా, డబ్బు బయటికి తియ్యరా అని లోపల మనసు మొత్తుకుంటోంది.

"మీలాంటివాళ్లు ఇంకా ఉన్నారా! అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి," అని రిఫత్ కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

లోపలి నుంచి ఫిక్రీ కేక వేశాడు. "అమ్మావా?"

"అమ్మాను."

"డబ్బులేవి?"

"మర్యాద చేసేశాను," అని ఇన్షిరా గుమ్మంలోనే కూలబడింది.

అంతటితో ఆగినా బాగుండేది. రిఫత్ విశ్వాసం గల మనిషి. దిగిన ప్రతి అంతస్తులోనూ ఆగి, కనిపించిన ప్రతివాళ్లకూ ఇన్షిరా పిన్ని మంచితనం చెప్పుకుంటూ వెళ్లాడు. అలా ఆ కబురు కింది వాటాలోని ఉమ్మ్ వగ్దీ, అంటే వగ్దీ వాళ్లమ్మ, చెవిన పడింది. మేడలో ఎవరింట ఉల్లిపాయ మాడినా ఆవిడకు తెలియాల్సిందే. ఆ మాడటానికి కారణం కూడా ఆవిడే చెప్పాల్సిందే.

"ఊరికే గుడ్లిచ్చేస్తోందా? ఈ రోజుల్లోనా?" అని ఉమ్మ్ వగ్దీ బుగ్గన వేలేసుకుంది. "పిచ్చివాళ్లారా, అది మొక్కు! ఇన్షిరా ఏదో మొక్కుకుంది. మొక్కు సొమ్ము తింటే బరకత్తు, ఇంటికి కలిసొస్తుంది. దానికి డబ్బిస్తే మాత్రం మొక్కు చెడిపోతుంది, జాగ్రత్త!"

తెల్లారేసరికి ఇన్షిరా గుమ్మం ముందు పళ్లేలు, గిన్నెలు, బుట్టలు. ఉమ్మ్ వగ్దీ అందరికన్నా ముందుంది, అందరికన్నా పెద్ద గిన్నెతో. ఇన్షిరా ఈసారి జాగ్రత్త పడింది. "ఉంచండి" అన్న మాట నోటి దాకా వస్తే పళ్లు బిగపట్టి మింగేసింది. గుడ్లిచ్చి అరచెయ్యి చాపి నిలబడింది. అంతకన్నా విప్పి చెప్పడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

ఉమ్మ్ వగ్దీ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. ఇన్షిరా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. "అర్థమైంది తల్లీ. ఏం చెప్పకు. చెబితే పుణ్యం పోతుంది."

డబ్బులు కావాలని అడిగెయ్యొచ్చు కదా అని మీరంటారు. అనడం తేలికే. ఒకడికి ఊరికే ఇచ్చి ఇంకొకళ్లను డబ్బులడగడానికి ఆవిడకు మనసు రాలేదు. పైగా, నిజం చెప్పాలంటే, ఇవ్వడం ఆవిడకు ఇష్టం. రిఫత్ భార్యకు మెట్లెక్కే ఓపిక లేదని తెలిసి, మర్నాటి నుంచి గుడ్లు ఉడకబెట్టి, మీద కాస్త జీలకర్ర చల్లి, తానే తీసుకెళ్లి ఇచ్చేది. తిరిగొచ్చి దాణా డబ్బా అడుగు చూసి ఏడ్చేది. ఆ రెండూ ఒకే మనిషి చేసేది, ఒకే గంటలో.

ఇక మొక్కు ఎవరి కోసమన్న ప్రశ్న వచ్చింది. ఆ చిక్కు కూడా ఉమ్మ్ వగ్దీయే విప్పింది.

"ఫిక్రీ కాఫీ కొట్టుకి రావడం మానేశాడు, గమనించారా? మంచం పట్టుంటాడు. అది కూడా పెద్ద జబ్బే. చిన్నాచితకా జబ్బుకి ఇన్ని గుడ్లెవరిస్తారు?"

ఫిక్రీ కాఫీ కొట్టు మానేసిన మాట నిజమే. "రావయ్యా గుడ్ల దాతా, మాక్కూడా తలో ఆమ్లెట్టు ఇప్పించు" అని స్నేహితులు ఆట పట్టిస్తుంటే తలెత్తుకోలేక ఇంట్లో కూర్చున్నాడు. ఆ సాయంత్రం మేడంతా జామపళ్లు, కమలాలు, మామిడిరసం డబ్బాలు పట్టుకుని పరామర్శకు వచ్చేసింది. తలుపు తీసిన ఇన్షిరా వాళ్ల దిగులు మొహాలు చూసి వెనక్కి పరుగెత్తింది.

"పడుకో!"

"ఎందుకే?"

"నీకు ఒంట్లో బాగాలేదు."

"నాకేమైంది?"

"నాకేం తెలుసు! వచ్చినవాళ్లనే అడుగుదాం. ముందు పడుకో!"

ఫిక్రీ పడుకోనని మొండికేశాడు. ఇంతలో గుమ్మంలోంచి జామపళ్ల వాసన వచ్చింది. తనే వెళ్లి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. మూలగమని ఎవరూ చెప్పలేదు, అది ఆయన సొంత ఆలోచన.

జబ్బు మనిషి ఇంట్లో ఉన్నాడంటే రాకపోకలకు అంతుండదు. వచ్చినవాళ్లంతా డాబా ఎక్కి మొక్కు కోళ్లను కూడా చూసి పోతున్నారు. పిల్లలు వాటిని నిమురుదామని వెంటపడి తరుముతున్నారు. ఆ గోలకు కోళ్లు బెదిరి గుడ్లు పెట్టడం మానేశాయి. పళ్లేలు మాత్రం రావడం మానలేదు. గుడ్లు లేవని చెబితే "అయ్యో, మధ్యలో ఆపితే ఆయనకేమవుతుందో ఏమో!" అని అవతలివాళ్లు కంగారు పడుతున్నారు.

ఇన్షిరా నల్ల శాలువా ముసుగేసుకుని పక్క పేట బజారుకు వెళ్లింది. కొత్త చెప్పుల కోసం దాచుకున్న డబ్బు పెట్టి తెల్లటి ఫారం గుడ్లు కొంది. ఇంటికొచ్చి చిక్కగా టీ కాచి, ఒక్కొక్క గుడ్డునూ అందులో ముంచి తీసింది. నాటుగుడ్డు రంగు అచ్చంగా దిగింది. ఇలా టీ రంగు పట్టించి నాటుగుడ్లని చెప్పి ఎక్కువకు అమ్మే మోసగాళ్లు మా బజార్లో బోలెడుమంది ఉన్నారు. అదే మోసం చేసి, చేతి డబ్బు వదిలించుకుని ఊరికే పంచిపెట్టిన మనిషి ఈజిప్టు మొత్తం మీద ఇన్షిరా ఒక్కతే అయ్యుంటుంది. ఆవిడంటే నాకు అక్కడే చచ్చేంత గౌరవం పుట్టింది.

ఫిక్రీకి పుట్టింది మాత్రం ఒళ్లుమంట. జామపండు కొరుకుతూ కత్తి నూరడం మొదలెట్టాడు.

"కోళ్లున్న ఇంట్లో గుడ్లు కొంటున్నాం! ఇంకా నయం, కోడిపెంట కొనలేదు. వచ్చే శుక్రవారం మొదటి కోడి కోస్తున్నాను. అల్లా మీద ఒట్టు!"

ఇన్షిరా డాబా ఎక్కి, మిగిలిన అన్నంలో మొక్కజొన్న రవ్వ కలిపి కోళ్లకు పెట్టింది. నల్లపెట్ట వచ్చి మోకాలి మీద మెడ ఆనిస్తే తట్టుకోలేక ఏడ్చేసింది.

మర్నాడు, సోమవారం పొద్దున్న, ఉమ్మ్ వగ్దీ గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. ఆవిడ వెనక మేడంతా ఎక్కింది. నేరుగా ఫిక్రీ మంచం దగ్గరికే వచ్చి గిన్నె మూత తీసింది. రంగు దిగి ఎర్రబడిన నీళ్లలో తెల్లటి గుడ్లున్నాయి.

"ఇదేంటి ఇన్షిరా?"

"టీ."

"అది వాసనే చెబుతోంది. గుడ్లకెందుకు పట్టించావని అడుగుతున్నా."

ఇన్షిరా ఇక దాచి లాభం లేదనుకుంది.

"ఏ మొక్కూ లేదు వదినా. ఈయనకే జబ్బూ లేదు. నేను గుడ్లు అమ్ముదామనుకున్నాను. దాణాకి డబ్బు రాకపోతే కోళ్లని కోసేస్తానన్నాడు. తీరా అమ్మబోతే డబ్బులడగడానికి నాకు నోరు రాలేదు. మీరేమో మొక్కన్నారు. కోళ్లు పెట్టడం మానేశాయి. మిమ్మల్ని ఉత్త గిన్నెలతో పంపలేక బజారు గుడ్లు కొని రంగేశాను. నన్నేమన్నా అనండి, పడతాను. నా కోళ్లని మాత్రం బతకనివ్వండి."

 ఉమ్మ్ వగ్దీ గిన్నె కింద పెట్టింది. ముసుగు చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"విన్నారా? కోళ్లు పెట్టకపోతే, తన డబ్బుతో కొని, మన మనసు నొచ్చుకోకుండా రంగేసి మరీ మొక్కు చెల్లించింది! పైగా మొక్కే లేదంటోంది, పుణ్యం బయటపడకూడదని!"

"లేదంటే లేదు వదినా!"

"అదిగో, మళ్లీ!"

రిఫత్ మొహం పాలిపోయింది. "అంటే ఆ రోజు నేను డబ్బులివ్వాల్సిందా పిన్నిగారూ?"

"నువ్వూరుకో బాబూ, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే," అంది ఉమ్మ్ వగ్దీ.

ఫిక్రీ ఇక ఓర్చుకోలేకపోయాడు. దుప్పటి తన్నేసి ఒక్క గెంతున మంచం మీద లేచి నిలబడ్డాడు. "మీకందరికీ మతి పోయిందా? నాకే రోగమూ లేదు! గుండ్రాయిలా ఉన్నాను! కత్తి తీసుకురావే ఇన్షిరా, ఇప్పుడే కోసి పారేస్తాను!"

క్షణం పాటు అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత ఉమ్మ్ వగ్దీ నాలుక ఆడిస్తూ పెళ్లింట్లో తీసే కూత తీసింది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. మేడ దద్దరిల్లింది.

"లేచాడు! చూశారా, లేచి నిలబడ్డాడు! మొక్కు ఫలించింది! లేస్తూనే కత్తి అడుగుతున్నాడు, కృతజ్ఞతకి బలి ఇస్తాడట!"

"బలి కాదు, కోళ్లు! కోళ్లని కోస్తాను!"

"తప్పు, తప్పు! ప్రాణం నిలబెట్టిన కోళ్లని కోస్తావా? మేం బతికుండగా ఈ మేడలో ఎవరినీ వాటి ఈక కూడా తాకనివ్వం. ఇంత పెద్ద గండం గట్టెక్కిన మగాడు కోసేది గొర్రెని! మేడంతటికీ విందు!"

మగవాళ్లు వరసపెట్టి ఫిక్రీని వాటేసుకున్నారు. వాళ్ల భుజాల మీదుగా ఆయన పెళ్లాం వైపు దీనంగా చూశాడు. ఒక్క మాటతో ఆవిడ ఆయన్ని గట్టెక్కించగలదు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ముసుగు సర్దుకుంది.

"మా ఆయన మనసు మొదట్నుంచీ పెద్దదే," అంది.

శభాష్ అనుకున్నాను. ఉమ్మ్ వగ్దీ మిగతాది కూడా తేల్చేసింది. మొక్కు తీరిపోయింది కాబట్టి ఇక ఊరికే గుడ్లు తీసుకోవడం పాపం. కోళ్లు మళ్లీ పెట్టడం మొదలెట్టగానే ఎవరి డబ్బు వాళ్లు ముందే తెచ్చి ఉమ్మ్ వగ్దీకే ఇవ్వాలి. ఇన్షిరా "ఉంచండి" అంటే చెవిన పెట్టకూడదు. మొదటి డబ్బు రిఫత్ అక్కడికక్కడే ఇచ్చాడు, పాత బాకీతో కలిపి. ఆ సాయంత్రమే దాణా బస్తా వచ్చింది.

ఫిక్రీ పింఛను డబ్బుతో గొర్రె కూడా వచ్చింది. శుక్రవారం దాకా దాన్ని డాబా మీద కోళ్ల పక్కనే కట్టేశారు. గురువారం పొద్దున్న ఫిక్రీ డాబా ఎక్కేసరికి ఇన్షిరా దానికి గడ్డి తినిపిస్తూ, పేరు పెట్టి పిలుస్తోంది.