శుక్రవారం పోకూడదు, శనివారం రాకూడదు

శుక్రవారం పదింటికి పాత కంప్యూటర్ పోతుంది, కొత్తది వస్తుంది, మధ్యాహ్నానికల్లా పెండ్లి పత్రిక పూర్తవుతుంది. పెళ్లయి మూడు నెలలైన ఉదయశ్రీ, సుదర్శన్ పొద్దున ఒకే గ్లాసులో కాఫీ పంచుకుంటూ వేసిన పథకం ఇది.

వేంపల్లె ఓబులేసు కూతురి పత్రిక, ఇంట్లోనే కంప్యూటర్లో పత్రికలు తయారుచేసే ఉదయశ్రీకి సొంతంగా దొరికిన మొదటి పని. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా కడపలోనే ఉన్న ప్రెస్సుకు చేరకపోతే చేజారిపోతుంది. పాత కంప్యూటరేమో పత్రిక మీది వినాయకుడి బొమ్మ తెరవమంటే కిరీటం, చెవులు చూపించి తొండం దగ్గర ఆగిపోతోంది.

కంప్యూటర్ల అంగడి ప్రేమయ్య పాతదానికి బదులిచ్చే కొత్తది ఆటోలో తెచ్చాడు. పాతది ఎత్తుకుని గడప దాకా వచ్చేసరికి అత్తగారు ప్రమీలమ్మ అడ్డం నిలబడింది.

"యాడికప్పా మోస్తాండావు? శుక్రవారం పూట ఇంట్లో వస్తువు బయటికి పంపిస్తారా?"

"అది పాత డబ్బా అమ్మా!" అన్నాడు సుదర్శన్.

"డబ్బా అయితే ఆరేండ్లు ఎందుకు పెట్టుకున్యావు?"

"పాతది ఇయ్యందే కొత్తది దించనక్కా" అని ప్రేమయ్య ఆటో తిప్పుకుని పోయాడు. ఆ రోజంతా ఉదయశ్రీ తొండం కోసం ఎదురుచూసింది.

శనివారం తొమ్మిదింటికి ఆటో మళ్లీ వచ్చింది. ఈసారి పాతది నిక్షేపంగా గడప దాటింది. కొత్తదే ఆగింది.

"శనివారం ఇనుము ఇంట్లోకి తెస్తారంట్రా?"

"ఇనుమెక్కడమ్మా? అంతా ప్లాస్టిక్!"

ప్రమీలమ్మ లోపలికి వెళ్లి, ఫ్రిజ్‌కు అంటించిన అయస్కాంతం చిలకను తెచ్చి కొత్త పెట్టె పక్కన పెట్టింది. చిలక టక్కున అతుక్కుంది.

"ఇప్పుడు చెప్పు."

"నాకింకా రెండిండ్లు ఉండాయి. మీరే తేల్చుకోండి" అని ప్రేమయ్య కొత్తదాన్ని వీధి అరుగు మీద దించి వెళ్లిపోయాడు.

సుదర్శన్ పళ్లు నూరుతూ కిటికీలోంచి అరుగు మీదికి కరెంటు తీగ లాగాడు. ఉదయశ్రీ ముందురోజు సీడీలోకి ఎక్కించి ఉంచిన పత్రికను తెరిచింది. రెప్పపాటులో వినాయకుడు తొండంతో సహా ప్రత్యక్షమయ్యాడు.

"ఏమండీ, మళ్లీ చూడండి!" అని ఆమె మూడుసార్లు మూసి తెరిచింది.

నాలుగోసారికి వీధంతా చూసింది. ఒకాయన ఇంటర్ ఫలితం చెప్పమని హాల్ టికెట్ నంబరిచ్చాడు. ఇంకొకాయన సినిమా ఎప్పుడేస్తారని అడిగి మెట్టు మీద కూర్చున్నాడు. పదకొండింటికి ఓబులేసు గుంపును తోసుకుంటూ వచ్చి, తెర మీదికి ఒకసారి చూసి, "శానా బాగుండాది, అచ్చుకిచ్చేయ్ తల్లీ" అన్నాడు.

అప్పుడే చీరలంగడికి పోతున్న ఆయన భార్య సిద్దమ్మ గుంపును చూసి ఆగింది. పత్రికంతా చదివింది.

"మా తమ్ముని పేరు యాడ?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "మర్చిపోయినా."

"మేనమామను మర్చిపోయినావా? పెండ్లికూతుర్ని బుట్టలో ఎత్తుకొచ్చేది నువ్వా?"

వీధంతా సిద్దమ్మ పక్షం చేరింది. "చిన్నాయన పేరుందా?" "పెద్దమ్మ అల్లుడో? ఆయప్పకు కోపమెక్కువ!" అంటూ గుర్తుచేసింది. ఒక్కో పేరు చేరుతుంటే వినాయకుడు పైకి జరిగి చోటిచ్చాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా, పంతొమ్మిది మంది బంధువులతో నిండిన సీడీని తీసుకుని సుదర్శన్ స్కూటరెక్కాడు. ప్రెస్సు తలుపు వేయబోతుండగా అందించాడు.

ఓబులేసు ప్రమీలమ్మకు చేతులు జోడించాడు. "ఇంట్లో చేసింటే మా బావమరిది పేరు లేకుండానే అచ్చయ్యేదమ్మా. నా సంసారం నిలబెట్టినావు."

మెట్టు మీది సినిమా మనిషి కూడా తన గృహప్రవేశం పత్రిక పని ఉదయశ్రీకే అప్పగించాడు.

ఆదివారం పొద్దున్నే సుదర్శన్ కంప్యూటర్ ఎత్తబోయాడు. గడపలో మళ్లీ అమ్మ.

"కలిసొచ్చిన చోటి నుంచి కదిలిస్తారా ఎవురైనా?"

"వానొస్తే తడుస్తుందమ్మా!"

ప్రమీలమ్మ తల ఎత్తి మబ్బు తునకైనా లేని ఆకాశం వైపు చూసింది.

"కడపలోనా?"