అత్తగారి పళ్ళు, అల్లుడి ప్రయోగం

నిఘంటువు కార్యాలయంలో ఒక నియమం ఉంది: పుస్తకంలో చదివిన మాట చెల్లదు, మనిషి నోట విన్నదే చెల్లుతుంది. అందరూ పదకోశం అని పిలిచే ఉపసంపాదకుడికి ఆ వారం వంతు వచ్చిన శీర్షిక ‘పోయినది తిరిగి దక్కడం’. అతను పోగుచేసిన చేజిక్కించుకొను, రాబట్టు, పునఃప్రాప్తి వంటివన్నీ గ్రంథాల్లోంచి ఏరుకొచ్చినవే. సాయంత్రానికి ఒక్క సజీవమైన మాటైనా తేకపోతే శీర్షిక పక్క బల్ల వాడికి పోతుంది.

ఆ ఉదయం ముఖం కడుక్కుంటూ అతను లోతుగా యోచించాడు. పోగొట్టుకున్నవాడికి తప్ప దక్కడమంటే ఏమిటో తెలియదు. కాబట్టి ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. తర్కంలో లోపం కనిపించలేదు. కొళాయి పక్కన అత్తగారి కట్టుడు పళ్ళ డబ్బా మాత్రం కనిపించింది. ఆమె ఒకప్పటి ప్రధానోపాధ్యాయురాలు. నోట మాటకు కరువు లేని మనిషి. డబ్బాను దాచి, కాసేపు వెతకనిచ్చి, దొరికిందంటూ చేతికిస్తే ఆమె ఏమంటుందో రాసుకోవచ్చు. హాల్లో వేలాడుతున్న తన కోటు జేబులో డబ్బా వేసి, స్నానానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో అలవాటు లేని నిశ్శబ్దం. అత్తగారు పెదవులు బిగించుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

“అమ్మ పళ్ళ డబ్బా కనపడట్లేదండీ,” అంది భార్య. “ఇంకాసేపట్లో వాళ్ళ బడి వార్షికోత్సవంలో మాట్లాడాలి. పాపం, నెలరోజులుగా అద్దం ముందు నిలబడి చదువుకుంటోంది.”

అప్పుడు తట్టింది అతనికి, పళ్ళు లేని నోట మాట ఎలా వస్తుందని. మాట వినడం కోసం నోటినే మూయించిన ఘనత భాషాసేవకుల్లో మరొకరికి దక్కి ఉండదు. గబగబా హాల్లోకి నడిచాడు. కొక్కెం ఖాళీగా ఉంది.

“నా కోటేది?”

“ఇస్త్రీకి పంపాను. సభకి ఆ నలిగిన కోటుతో వస్తారా? ముందు మంచం కింద చూడండి.”

“మంచం కింద ఉండదు.”

“మీకెలా తెలుసు?”

“ఊహ,” అంటూ బనియనుతోనే వీధిలో పడ్డాడు.

ఇస్త్రీ కొట్లో కోటు నిగనిగలాడుతోంది. జేబు మాత్రం ఖాళీ.

“డబ్బా తెరిస్తే ఇకిలించింది సార్,” అన్నాడు ఇస్త్రీ మనిషి. “గుండె జారిపోయిందనుకోండి. ఎదురుగా పళ్ళ డాక్టరుగారు ఉన్నారు కదా, ఆయన సరుకేమో అని ఇచ్చేసొచ్చా.”

డాక్టరు ఆ రోజు ఒక పలువరుస రావలసి ఉందని ఎదురుచూస్తున్నాడు. వచ్చిందదే అనుకున్నాడు. పదకోశం లోపలికి వెళ్ళేసరికి కుర్చీలో ఉన్న పెద్దాయన నోట్లో అత్తగారి పళ్ళు మెరుస్తున్నాయి.

“కాస్త బిగుతుగా ఉందా?” అడుగుతున్నాడు డాక్టరు.

“కాస్తా? దవడ పట్టేసిందయ్యా,” అన్నాడు పెద్దాయన.

“డాక్టరుగారూ, ఆ పళ్ళు మావి.”

డాక్టరు బనియను వంకా, అతని నోట్లో నిక్షేపంగా ఉన్న పళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. “మీవి మీకున్నాయిగా.”

“మా అత్తగారివి.”

“అత్తగారి పళ్ళు అల్లుడి దగ్గర ఎందుకున్నాయి?”

పదకోశం బనియను సర్దుకుని చెయ్యి చాచాడు.

“ఎందుకుంటే ఏంలే, తీసుకుపో నాయనా,” అన్నాడు పెద్దాయన వాటిని ఊడబెరికి చేతిలో పెడుతూ. తరువాతి మాటలు గాలి పోయినట్టు వచ్చాయి. “అవి పెట్టుకున్నప్పట్నుంచీ ఎవర్నో ఒకర్ని కేకలెయ్యాలనిపిస్తోంది.”

డబ్బాను గుండెకు హత్తుకుని ఇల్లు చేరాడు. అత్తగారు ప్రయాణానికి సిద్ధమై గుమ్మంలో నిలబడి ఉంది.

“అత్తయ్యగారూ, దొరికాయి.”

“దొరక్కేం చేస్తాయి,” అంది ఆమె ఒక్క అక్షరం జారకుండా. “మీరు జేబులో వేసుకోవడం అద్దంలో చూశాను. కోటు ఇస్త్రీకి పంపమన్నదీ నేనే.”

అతను ఆమె నోటి వంక చూశాడు. నిండుగా పలువరుస ఉంది.

“ఇవి కొత్తవి, అల్లుడుగారూ. నిన్న పెట్టించుకున్నాను. అవి పాతవి, పారేద్దామని తీసి పెట్టాను. మీరెంత దూరం వెళ్తారో చూద్దామని నోరు మూసుక్కూర్చున్నా. మరీ బనియనుతో వెళ్తారనుకోలేదు.”

పదకోశం గడప మీద కూలబడ్డాడు. సభ ఆగదు, ఆమె మాట్లాడుతుంది. అంతకు మించి ఆ క్షణంలో అతనికేమీ అక్కర్లేకపోయింది.

“పోయిన ప్రాణం లేచొచ్చింది,” అన్నాడు.

భార్య నవ్వు ఆపుకుంటూ కలం అందించింది. “రాసుకోండి, మళ్ళీ మర్చిపోతారు.”

సాయంత్రం ఆ ప్రయోగం ఆమోదం పొందింది. ఎవరి నోట విన్నారని సంపాదకుడు అడిగితే, ఒక దొంగ నోట అని చెప్పాడు.