రేకు తలుపు మీద మూడు దెబ్బలు

ఆ ఉదయం మేస్త్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున పాత బస్సు గేరుబాక్సు దింపాలి, మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటిది ఆయనకు ఇష్టమైన పని. రెండోది భార్య పెట్టిన పని.

ఆమె ఊరికే పెట్టలేదు. మేస్త్రికి కొన్నాళ్లుగా అంగం ముందు చర్మం బిగుసుకుపోయింది. వెనక్కి జరపబోతే జరగదు. బలవంతం చేస్తే చిట్లి మంట. ఆ చిట్లింది మానినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తుంది. మూత్రానికి వెళితే ముందు చర్మం బుడగలా ఉబ్బి, ఆ తర్వాతే ధార. రాత్రి పక్కలో భార్య చెయ్యి తగిలితే గోడవైపు తిరిగి గురక నటించడం అలవాటు చేసుకున్నాడు. ఆమె మొదట అలిగింది, తర్వాత అనుమానించింది, చివరికి నిలదీసి సంగతి కక్కించి, తానే ఫోన్ చేసి డాక్టరు టైము తీసుకుంది.

"ఇవాళ వెళ్లకపోతే మీ మంచం హాల్లో," అంది గుమ్మంలో నిలబడి.

జ్వరమొస్తే ఊరంతా చాటుతాం. పన్ను నొప్పైతే పదిమందికి నోరు తెరిచి చూపిస్తాం. నడుం కింద బెత్తెడు చోటు దగ్గరికొచ్చేసరికి మగాడు మూగవాడైపోతాడు. దాని పేరు పరువట. తగలెయ్యాలి అలాంటి పరువుని.

మేస్త్రికి ఆ పరువు నిండుగా ఉంది. పైగా ఆయన బస్సు షెడ్డుకి పెద్ద మెకానిక్కు. ఎంత మొరాయించిన బండయినా ఆయన చెయ్యి పడితే కదలాల్సిందే. 'నా బండి నేను బాగుచేసుకోలేనా? ముందే కదిలించేస్తే డాక్టరుకి చూపించే బాధే ఉండదు' అనుకుని, వేలికి కాస్త బేరింగు గ్రీజు రాసుకుని, షెడ్డు బాత్రూంలోకి దూరి గడియ పెట్టాడు. పళ్లు బిగించి ఒక్క లాగు లాగాడు.

చర్మం వెనక్కి జారింది. మేస్త్రి గర్వంగా నవ్వబోయాడు. ఆ నవ్వు మీసం దాకా రాకముందే తెలిసింది, అది మళ్లీ ముందుకు రావడం లేదని. రబ్బరు పైపు మీద క్లిప్పు బిగించినట్టు పట్టేసింది. ముందు భాగం చూస్తుండగానే ఉబ్బుతోంది. నొప్పికి ఒంటికాలి మీద గెంతాడు. ఆ గెంతులకి కాలు మూడుసార్లు రేకు తలుపుకి తగిలింది. ధన్. ధన్. ధన్.

ఇక్కడ ఆ షెడ్డు కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఎవడి పనైనా పట్టేసి కదలకపోతే, దగ్గరున్న రేకు మీద మూడు దెబ్బలు కొట్టాలి. విన్న ప్రతివాడూ తన పని వదిలేసి, తన పనిముట్టుతో పరిగెత్తుకు రావాలి. ఈ రూలు పెట్టింది మేస్త్రే.

అందరూ వచ్చారు. స్పానర్లతో, జాకీలతో, గడ్డపారలతో వచ్చారు. అందరికంటే ముందు మేస్త్రి బావమరిది, చేతిలో పెద్ద పైపు రెంచితో.

"బావా! ఏం పట్టేసింది?"

"ఏం లేదురా... కుళాయి. కుళాయి పట్టేసింది. మీరు పొండి."

"రేకు మోగించాక పోవడమేంటి బావా? తలుపు తియ్యి."

"తలుపూ పట్టేసింది!"

"తలుపైతే నా పని," అంటూ వెల్డరు గ్యాస్ కట్టర్ ముట్టించాడు. "మేస్త్రిగారూ, వెనక్కి జరగండి. చిటికెలో కోసేస్తా."

"ఒరేయ్! కోయడం అన్నమాట ఎత్తావంటే చంపేస్తా!"

బావమరిది బుర్ర పాదరసం. కుళాయి పట్టేస్తే ముందు నీళ్లాపాలి. పరుగున వెళ్లి షెడ్డు మొత్తానికి నీళ్లొచ్చే పెద్ద వాల్వు బలంకొద్దీ తిప్పేశాడు. అటు కడుగుతున్న బస్సు నిండా సబ్బు నురగతో ఆగిపోయింది. ఇటు మేనేజరు, గదిలో గడ్డం గీసుకుంటున్నవాడు, సగం మొహానికి నురగతో, మెడలో తువ్వాలుతో ఊడిపడ్డాడు. ఆయనా ఒకప్పుడు ఈ షెడ్డులో స్పానరు పట్టినవాడే. ఇప్పుడు అరవడమే పని.

"నీళ్లాపిందెవడు? ఈ గుంపేంటి? మేస్త్రీ, బయటికొస్తావా, ఉద్యోగం పీకించమంటావా?"

లోపల మేస్త్రికి చెమటలు. ఉబ్బు నేరేడు పండులా రంగు మారుతోంది. బయట ఉద్యోగం, లోపల అసలు ఆస్తి, మధ్యలో రేకు తలుపు.

బావమరిదికి ఏమీ పాలుపోక అక్కకి ఫోన్ కొట్టి, అందరికీ వినపడేలా పెట్టాడు. "అక్కా, బావ బాత్రూంలో ఇరుక్కుపోయాడు. కుళాయి పట్టేసిందంటాడు, తలుపు పట్టేసిందంటాడు..."

"కుళాయీ కాదు, తలుపూ కాదురా. ఫోను తలుపు దగ్గర పెట్టు," అందామె. "ఏవండీ, వింటున్నారా? నేను చెబితే మీకు తలవంపులు. మీరు చెప్పకపోతే ఏకంగా నష్టం. ఏది కావాలో తేల్చుకోండి."

మేస్త్రి తేల్చుకున్నాడు. కళ్లు మూసుకుని అరిచాడు. "నా ముందు చర్మం బిగిసింది! వెనక్కి లాగాను, ముందుకు రావట్లేదు! ఉబ్బిపోతోంది!"

షెడ్డులో సూది పడితే వినపడేది. పడింది మాత్రం బావమరిది చేతిలో రెంచి, వెల్డరు కాలి మీద.

గుంపు వెనకనించి ప్రథమ చికిత్స గది నర్సమ్మ తోసుకుంటూ వచ్చింది. "ముందు ఆ మంట ఆర్పండి. పనిముట్లన్నీ కింద పెట్టండి. ఒక్కటీ పనికిరాదు. మేస్త్రీ, ఇక లాగకు. చల్లటి తడిగుడ్డ చుట్టుకో. ఆసుపత్రికి ఇప్పుడే వెళ్లాలి. నీళ్లు తెండి!"

బావమరిది నీళ్లు నమిలాడు. "నీళ్లు లేవు నర్సమ్మా. గట్టిగా తిప్పాను కదా... ఇప్పుడు వాల్వు నిజంగానే పట్టేసింది."

క్యాంటీన్ నించి ఐసు ముక్కలొచ్చాయి. మేనేజరు మెడలో తువ్వాలు నర్సమ్మ అడక్కుండానే లాక్కుని, ఐసు మూటగట్టి తలుపు సందులోంచి లోపలికిచ్చింది. గేటు దగ్గర కదిలే స్థితిలో ఉన్నది సబ్బు బస్సొక్కటే. దారి పొడుగునా నురగ రాలుస్తూ, మేస్త్రిని మోసుకుని అది ఆసుపత్రికి పోయింది.

డాక్టరమ్మ మత్తు సూది ఇచ్చి, ఉబ్బుని మెల్లగా నొక్కి తగ్గించి, చర్మాన్ని ముందుకు తెచ్చింది. "ఇంకాస్త ఆలస్యమైతే రక్తం అందక అసలుకే మోసమొచ్చేది," అంది. "మీరు మెకానిక్కట కదా. బిగిసిన నట్టుని ఏం చేస్తారు?"

"నూనె వేసి ఆగుతాం. తర్వాత మెల్లగా, కొంచెం కొంచెం..."

"ఎవడైనా వెంటనే సుత్తి తీస్తే?"

"చెవి మెలేస్తా."

డాక్టరమ్మ మేస్త్రి చెవి వైపు చూసింది. మేస్త్రి నేల వైపు చూశాడు.

"ఈ పుండు మానాక ఒక పూత మందిస్తాను. పొద్దున, రాత్రి, కొన్ని వారాలు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, నొప్పి పుట్టనంత వరకే మెల్లగా జరపాలి. జరిపిన ప్రతిసారీ ముందుకు తెచ్చెయ్యాలి, మర్చిపోవద్దు. సబ్బు పెట్టి రుద్దొద్దు. గ్రీజు..." ఆమె ఆగి ఊపిరి పీల్చుకుంది. "గ్రీజు బస్సుకి. పెద్దయ్యాక కొత్తగా బిగిసిందంటే షుగరు కూడా చూడాలి. చాలామందికి మందుతోనే వదులవుతుంది. కాకపోతే చిన్న ఆపరేషన్. అదేం కొంప మునిగే సంగతి కాదు."

గుమ్మం దగ్గర భార్య నిలబడి ఉంది.

"మంచం?" అన్నాడు మేస్త్రి నీరసంగా.

"గదిలోనే. కానీ ఇకనించి నా వైపు తిరిగి పడుకోండి."

మర్నాడు షెడ్డుకి వెళ్తూ, జీవితాంతం సరిపడా వెక్కిరింతలకి సిద్ధపడ్డాడు. ఎవడూ నవ్వలేదు. అదే ఆయనకి వింతగా తోచింది. వాల్వు రిపేరు చేస్తూ బావమరిది చెవిలో, "బావా, ఆ డాక్టరమ్మ ఏ రోజు ఉంటుంది? మా ఫ్రెండొకడికి..." అన్నాడు. మధ్యాహ్నం కుంటుతూ వచ్చిన వెల్డరుకీ ఒక ఫ్రెండున్నాడు. సాయంత్రానికి షెడ్డులో మనుషుల కంటే ఫ్రెండ్సే ఎక్కువయ్యారు.

మళ్లీ చూపించుకోడానికి వెళ్లిన రోజు, మేస్త్రి ఆసుపత్రి హాల్లో అడుగుపెట్టాడు. బెంచీల నిండా మొహాలకి పేపర్లు అడ్డం పెట్టుకున్న మగాళ్లు. ఒక పేపరు తలకిందులుగా ఉంది. అన్ని పేపర్ల కిందా గ్రీజు మరకల బూట్లు. ఎవడూ ఎవణ్ణీ ఎరగనట్టే కూర్చున్నారు. మూలన పాలిష్ పెట్టిన ఒక జత మాత్రం మరీ గోడవైపు తిరిగి ఉంది.

మేస్త్రి కాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న రేకు చెత్తడబ్బాని కాలితో మూడుసార్లు తన్నాడు.

హాలు హాలంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచినవాడు మేనేజరు.