ఖాళీ గడిని వెతికే మీట

అడిగిన సౌకర్యం ఇవ్వని సాఫ్ట్‌వేరే అసలైన సాఫ్ట్‌వేర్ అని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. మీరు అడిగారు, వాళ్లు ఇచ్చేశారు, మీరు వాడుకున్నారు. ఇందులో మనిషి ఎదిగిందెక్కడ? అదే ఒక నాలుగేళ్లు అడిగి చూడండి. ఓర్పు వస్తుంది, లోకజ్ఞానం వస్తుంది, ప్రపంచం నలుమూలలా మీతో పోట్లాడే స్నేహితులు వస్తారు!

సాక్ష్యం కావాలా? మా పిన్ని ఉంది.

పిన్ని ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఊరికే కూర్చుంటే తోచక, ఆసుపత్రి వెనక మందుల స్టోరు పక్క గదిలో చక్రాల కుర్చీలు, వాకర్లు, చంకకర్రలు జనానికి ఉచితంగా అరువిస్తోంది. నడక వచ్చాక తిరిగి తెచ్చివ్వాలి, అంతే షరతు. ఆ జాబితా అంతా ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో ఉంటుంది. ఎవరు తీసుకున్నారు, ఏం తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చిచ్చారు. చివరి గడి ఖాళీగా ఉందంటే వస్తువు ఇంకా వాళ్లింట్లోనే ఉందన్నమాట.

చిక్కల్లా ఒక్కటే. పేరు కొడితే ఆ సాఫ్ట్‌వేర్ పేరు వెతుకుతుంది, తేదీ కొడితే తేదీ వెతుకుతుంది. ఖాళీని మాత్రం వెతకదు. ఏమీ కొట్టకుండా వెతకమంటే, ఏం వెతకాలో ముందు చెప్పమంటుంది.

ఇంకొకరైతే కంప్యూటర్‌ని నాలుగు తిట్టి ఊరుకునేవారు. పిన్ని ఆఫీసుల పద్ధతి తెలిసిన మనిషి, ఖాళీ గడుల్ని వెతికే మీట ఒకటి పెట్టమని అర్జీ పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లంతా చేరే ఫోరమ్‌లో "గౌరవనీయులైన సాఫ్ట్‌వేర్ అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, విషయం, సూచిక, జతపరిచినవి అన్నీ వేసి, సంతకం చేసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టింది. పై అధికారికి నకలు ఎక్కడికి పంపాలని కూడా అడిగింది.

అసలు అధికారే లేడని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌ని చూసుకునేది ఎక్కడో ఉన్న ఒక పళ్ల డాక్టరు. జీతం లేదు. ఒక రోగి నోరు మూసి, ఇంకో రోగి నోరు తెరిచేలోపు కాస్త కాస్త రాస్తుంటాడట. పిన్నికి ఆయన మీద కోపం రాలేదు సరికదా, "పాపం, వేళకి తింటున్నాడో లేదో" అంది.

ఇక ఫోరమ్ జనం సంగతి! లేనిదాన్ని వెతకడమేమిటి, ఇదేమన్నా వేదాంతమా అన్నాడొకాయన. నాలుగు వరుసల కోడ్ రాసుకుంటే పోలా అన్నాడింకొకాయన. పిన్ని ఆ నాలుగు వరుసలూ నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకుని, కళ్లజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కొట్టింది. కంప్యూటర్ ఎర్ర అక్షరాలు చూపించింది. మీది ఏ వెర్షన్ అని వాళ్లడిగితే, "పాతదే బాబూ, రోజూ శుభ్రంగా తుడిచి వాడుతున్నాను" అని జవాబిచ్చింది.

ముప్పై ఏడుగురు "నాకూ కావాలి" అని రాసి చక్కా పోయారు. ఆ మీట ఏ రంగులో ఉండాలన్న దాని మీద ఇద్దరు ఏడాదిన్నర కొట్టుకున్నారు. గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒక మహానుభావుడు మాత్రం అడ్డం తిరిగాడు. "ఇలాంటి మీట పెడితే మనుషుల మధ్య నమ్మకం ఏం కావాలి? తెచ్చేవాళ్లు ఎప్పటికైనా తెస్తారు." ఎంత చక్కగా రాశాడో! నాకైతే కళ్లు చెమర్చాయి.

మరి లాభాలో? పిన్ని తెర మీద స్కేలు ఆనించి, రెండు వేల వరుసలు ఒక్కొక్కటే దించుకుంటూ చూసేది. కంటపడిన ఖాళీకల్లా ఫోన్. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి అల్లుడు అలిగాడు, ఎవరికి నిద్ర పట్టడం లేదు, అన్నీ తెలిసేవి. ఆ ఫోన్ల మీదే రెండు పెళ్లిళ్లు కుదిర్చింది. మీట ఉండి ఉంటే ఆ రెండు జంటల గతేం కాను?

పోయిన మంగళవారం ఒక టైలరమ్మ వచ్చింది. ఆమె తొమ్మిదేళ్ల కూతురికి తుంటి ఆపరేషన్ అయింది, శుక్రవారం ఇంటికి పంపిస్తున్నారు. చక్రాల కుర్చీలో కూర్చోగలిగితే తరగతికి రానిస్తామని బడివాళ్లు అన్నారు. లేకపోతే మూడు నెలలు మంచం మీదే. గదిలో ఉన్నవన్నీ పెద్ద కుర్చీలు, పాపకి అందులో కాళ్లు ఆనవు. చిన్నది ఒక్కటే, నీలంది, ఎవరో పట్టుకెళ్లారు. జాబితాలో చిన్నదీ పెద్దదీ అన్నిటికీ "చక్రాల కుర్చీ" అనే ఉంది.

"శుక్రవారానికి ఇస్తానమ్మా, వెళ్లిరా" అంది పిన్ని. అనేసి స్కేలు తీసింది.

మంగళ, బుధవారాలు ఫోన్లే ఫోన్లు. గురువారం మధ్యాహ్నానికి జాబితా అయిపోయింది, కుర్చీ దొరకలేదు. మనవాడే కదా, ఇచ్చే ఉంటాడు, తేదీ వేయడం నేనే మర్చిపోయుంటానని పిన్ని ఇన్నేళ్లుగా దాటేసిన వరుస ఒకటి మిగిలింది. నా ఫోన్ మోగింది.

"ఒరేయ్, నువ్వెప్పుడో కుర్చీ తీసుకెళ్లావు కదా?"

"ఎప్పటి మాట పిన్నీ! ఇచ్చేసినట్టే గుర్తు."

"గడి ఖాళీగా ఉందిరా."

"ఖాళీ అంటే సవాలక్ష కారణాలుంటాయి పిన్నీ..."

ఇరవై నిమిషాల్లో గుమ్మంలో ఉంది. నీలం కుర్చీ నా కంప్యూటర్ పక్కనే ఉంది, మీద ఇస్త్రీకి పోవలసిన ప్యాంట్లు గుట్టగా ఉన్నాయి. మూడేళ్ల కిందట మా అమ్మాయి కాలు విరిగితే తెచ్చాం. ఆ కాలు అతుక్కుని, ఇప్పుడు హైజంప్ కూడా చేస్తోంది.

"నేను చెబుతూనే ఉన్నాను చిన్నత్తయ్యా" అంది మా ఆవిడ, నన్ను పూర్తిగా వదిలేసి.

పిన్ని చూపు తెర మీద పడింది. ఫోరమ్ తెరిచే ఉంది. మూలన, నా బొమ్మ ఉండాల్సిన చోట, గుడ్లగూబ.

పిన్ని ఫోన్ తీసి, ప్యాంట్లతో సహా కుర్చీని ఫోటో తీసుకుంది. "బట్టలు తియ్యి. పాప రేపొస్తోంది" అంది. శుక్రవారం నేనే నూనె డబ్బా పట్టుకెళ్లి చక్రాలకి వేశాను. పాప ఎక్కి వరండాలో మూడు చుట్లు చుట్టి, రెండుసార్లు నా కాలికి గుద్ది, రేపు బడి ఉందా అని వాళ్లమ్మని అడిగింది. నాకు సిగ్గేసింది. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.

ఆ సాయంత్రం పిన్ని అర్జీకి ఒక ఫోటో చేర్చింది. కింద ఒకటే వరుస: "ఈ మీట అక్కర్లేదన్నవారి ఇంట్లో తీసినది." నాలుగేళ్లుగా ఉలుకూ పలుకూ లేని పళ్ల డాక్టరు పదకొండు నిమిషాల్లో జవాబిచ్చాడు. "అర్థమైంది. పెడుతున్నాను."

ఈ పొద్దున మీట వచ్చేసింది. పిన్ని నొక్కింది. నూట నలభై వరుసలు వచ్చాయట. అందులో ఒకటి, ఒక జత చంకకర్రలు, నా పేరు మీద. మా మంచం కింద ఉన్నాయి, దోమతెర కట్టుకోవడానికి భలే పనికొస్తాయి.

కాబట్టి నేనూ ఒక అర్జీ పెట్టాను. గౌరవనీయులైన పళ్ల డాక్టరు గారికి, మీట నొక్కిన తర్వాత జాబితా కనపడేలోపు దగ్గరి చుట్టాలకి ఒక అరగంట గడువు ఇచ్చే సౌకర్యం కల్పించగలరు. నాలుగేళ్లు ఆగడం నా వల్ల కాదు. పిన్ని ఇప్పటికే బయల్దేరింది.